మొదటి మహిళ తర్వాత ఎవరు?

శాసనసభలో, సచివాలయంలో, పంచాయతీ ఆఫీసులో ఏడు దశాబ్దాలుగా తెలుగు మహిళలు చేస్తూ వచ్చిన పని చాలా ఉంది. వాళ్లకు మనమిచ్చే గౌరవం మాత్రం 'తొలి మహిళ' అన్న బిరుదు దగ్గరే ఆగిపోతోంది. ఆ బిరుదు వెనక ఉన్న పని గురించి, ఆ తర్వాత ఏళ్ల తరబడి మరో మహిళ రాని కుర్చీల గురించి ఈ వారం ముఖచిత్ర కథనం.

ఇప్పటి కామారెడ్డి జిల్లాలోని ఎల్లారెడ్డి శాసనసభ నియోజకవర్గానికి 1962 నుంచి 1978 దాకా ప్రాతినిధ్యం వహించింది ఇద్దరే. ఇద్దరూ ఆడవాళ్లు, ఇద్దరూ దళితులు. 1962లో కాంగ్రెస్ నుంచి టి.ఎన్. సదాలక్ష్మి గెలిచారు. 1967లో, మళ్లీ 1972లో జె. ఈశ్వరీబాయి గెలిచారు. పదహారేళ్లు ఒక గ్రామీణ నియోజకవర్గం తన సమస్యలు చెప్పుకోవడానికి ఆడమనిషి గడప తొక్కింది. సదాలక్ష్మి గెలిచేనాటికి, చట్టసభల్లో మహిళా రిజర్వేషన్ అనే మాట బిల్లు రూపంలో పార్లమెంటు ముందుకు రావడానికి ఇంకా మూడు దశాబ్దాలకు పైనే ఉంది. ఈ సంగతి మన రాజకీయ చరిత్రల్లో తగినంత చోటు దక్కించుకోలేదు. పాఠ్యపుస్తకాల్లోకి అసలే రాలేదు.

సదాలక్ష్మి 1928లో సికింద్రాబాద్ కంటోన్మెంటులోని బొల్లారంలో పుట్టారు. 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు డిప్యూటీ స్పీకర్ అయ్యారు. ఆ స్థానంలో కూర్చున్న తొలి మహిళ ఆమె. తర్వాత దేవాదాయ శాఖ మంత్రిగా పనిచేశారు. ఈ రెండో సంగతి దగ్గర కాసేపు ఆగాలి. దళితుల్ని గుడి మెట్లెక్కనివ్వని ఊళ్లు లెక్కకు మిక్కిలిగా ఉన్న రోజులవి. అలాంటి రోజుల్లో ఆ గుళ్ల మాన్యాలు, హుండీలు, ధర్మకర్తల వ్యవహారాలు చూసే శాఖ ఒక దళిత మహిళ చేతికొచ్చింది. ఫైలు మీద ఆమె సంతకం పడితే తప్ప కదలని పనుల కోసం ఎవరెవరు ఆమె ఎదుట నిలబడాల్సి వచ్చిందో ఊహించుకుంటే, ఆ నియామకం బరువు తెలుస్తుంది. 1990లలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైనప్పుడు, వయసు మీద పడ్డాక కూడా, ఆమె ఆ వేదికలెక్కారు. 2004లో కన్నుమూశారు. ఆమె బతుకు కథను రచయిత్రి గోగు శ్యామల 'నేనే బలాన్ని' పేరుతో పుస్తకంగా తెచ్చారు. అది రాకపోయి ఉంటే, సదాలక్ష్మి గురించి ఈ తరానికి మిగిలేది జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఒక ప్రశ్న, ఒక జవాబు.

ఈశ్వరీబాయిది ఇంకో దారి. 1918లో సికింద్రాబాద్‌లో పుట్టిన ఆమె టీచరుగా పనిచేశారు, మున్సిపల్ కౌన్సిలర్‌గా మొదలుపెట్టారు, అంబేడ్కర్ బాటలో రిపబ్లికన్ పార్టీ నాయకురాలిగా ఎదిగారు. అధికార పార్టీ అండ లేదు, పెద్ద కుటుంబం పేరు లేదు. అయినా ఎల్లారెడ్డి ఆమెను రెండుసార్లు గెలిపించింది. 1968లో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ని సజీవంగా తగలబెట్టినప్పుడు శాసనసభలో ఆ దారుణాన్ని నిలదీసిన గొంతుల్లో ఆమెది గట్టిది. ఎక్కడి ఎల్లారెడ్డి, ఎక్కడి కంచికచర్ల! తన నియోజకవర్గం కాదు, తన ప్రాంతం కూడా కాదు. 1969లో తెలంగాణ ఉద్యమం లేచినప్పుడు ఆమె, సదాలక్ష్మి ఇద్దరూ తెలంగాణ వైపే నిలబడ్డారు. ఈశ్వరీబాయి కూతురు జె. గీతారెడ్డి డాక్టరై, తర్వాత గజ్వేల్ నుంచి, జహీరాబాద్ నుంచి గెలిచి మంత్రి అయ్యారు.

ఈ ఇద్దరి పేర్ల ముందు 'తొలి' అని చేర్చి వదిలేస్తే వాళ్లు చేసిన పని కనిపించదు. ఏ శాఖ చూశారు, ఎవరి పక్షాన మాట్లాడారు, ఎవరితో తలపడ్డారు అని అడిగితే కనిపిస్తుంది. ఈ కథనం పొడుగునా అడుగుతున్నది అదే. దానికి తోడు ఇంకో ప్రశ్న కూడా ఉంది: ఆమె తర్వాత ఆ కుర్చీలోకి మళ్లీ ఆడమనిషి ఎప్పుడొచ్చింది?

జైళ్ల నుంచి, అడవుల నుంచి అసెంబ్లీకి

1952లో హైదరాబాద్ రాష్ట్రంలో తొలి సాధారణ ఎన్నికలు జరిగాయి. నిజాం పాలన ముగిసి నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ సభలోకి వచ్చిన మహిళలు ఒక్కొక్కరూ ఒక్కో లోకం నుంచి వచ్చారు.

ఆలేరు నుంచి గెలిచిన ఆరుట్ల కమలాదేవి తెలంగాణ సాయుధ పోరాటంలోంచి నేరుగా వచ్చారు. దళాల్లో తిరిగారు, అడవుల్లో ఉన్నారు, జైలుకెళ్లారు. ఆలేరు ఆమెను ఒక్కసారి గెలిపించి ఊరుకోలేదు, మూడుసార్లు సభకు పంపింది. 1962లో భర్త ఆరుట్ల రామచంద్రారెడ్డి కూడా భువనగిరి నుంచి గెలవడంతో భార్యాభర్తలిద్దరూ ఒకే సభలో కూర్చున్నారు. ఇక్కడ గమనించాల్సింది వరస. భర్త పేరు మీద భార్యకు వచ్చిన సీటు కాదది. అప్పటికే ఆమె పదేళ్ల అనుభవమున్న శాసనసభ్యురాలు.

బాన్సువాడ నుంచి వచ్చిన సంగం లక్ష్మీబాయి గాంధేయవాది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. హైదరాబాద్ రాష్ట్రంలో విద్యాశాఖ ఉపమంత్రిగా పనిచేశాక, 1957 నుంచి వరసగా మూడుసార్లు లోక్‌సభకు వెళ్లారు. 'నా జైలు జ్ఞాపకాలు, అనుభవాలు' అనే ఆమె పుస్తకానికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. దిక్కులేని ఆడపిల్లల కోసం ఆమె హైదరాబాద్ సైదాబాద్ దగ్గర ఇందిరా సేవా సదన్ నెలకొల్పారు. ఇవాళ ఆ చుట్టుపక్కల ప్రాంతమంతటికీ ఐఎస్ సదన్ అనే పేరు. చౌరస్తాకీ ఆ పేరే, బస్టాపుకీ ఆ పేరే, డివిజన్‌కీ ఆ పేరే. రోజూ వేలమంది కండక్టర్‌ని ఐఎస్ సదన్ టికెట్ అడుగుతారు. ఆ రెండు అక్షరాల వెనక ఒక అనాథ బాలికల ఆశ్రమం ఉందని, దాని వెనక ఒక పార్లమెంటు సభ్యురాలు ఉందని చెప్పే బోర్డు ఒకటి ఆ చౌరస్తాలో పెడితే మునిగిపోయేదేమీ లేదు.

పాతబస్తీ నుంచి గెలిచిన మాసూమా బేగం ఈ ఇద్దరికీ భిన్నం. హైదరాబాద్‌లో పరదా ఆచారం బలంగా ఉన్న రోజుల్లోనే ఆడపిల్లల చదువు కోసం సంఘం పెట్టిన కుటుంబం ఆమెది. ఓట్లడగడానికి గడపగడపకూ తిరిగారు. 1960లో దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయినప్పుడు ఆమెను మంత్రివర్గంలోకి తీసుకుని సాంఘిక సంక్షేమం అప్పగించారు. తర్వాత అఖిల భారత మహిళా సభ అధ్యక్షురాలయ్యారు. ఒక దళిత ముఖ్యమంత్రి మంత్రివర్గంలో ఒక ముస్లిం మహిళా మంత్రి. ఇది జరిగి అరవై ఏళ్లు దాటింది. తెలంగాణ ఏర్పడ్డాక జరిగిన 2014, 2018, 2023 శాసనసభ ఎన్నికల్లో ఏ పార్టీ నుంచీ ఒక్క ముస్లిం మహిళ కూడా గెలవలేదు. దారి వేసినవాళ్లు ఉన్నారు. ఆ దారిన తర్వాతివాళ్లను నడవనిచ్చే పని పార్టీలు చేయలేదు.

మల్లు స్వరాజ్యం పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ. పదహారేళ్ల వయసు నాటికే దళంలో తుపాకీ పట్టిన ఆమె తలకు నిజాం ప్రభుత్వం పది వేల రూపాయల వెల కట్టింది. అదంతా ఎన్నోసార్లు చెప్పుకున్న కథే. అంతగా చెప్పుకోనిది తర్వాతి భాగం: 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి రెండుసార్లు శాసనసభకు గెలిచి, కూలి రేట్ల గురించి, భూముల గురించి నోట్సు లేకుండా గంటలకొద్దీ మాట్లాడిన శాసనసభ్యురాలు. మనం తుపాకీ పట్టిన స్వరాజ్యాన్ని ప్రేమించినంతగా మైకు పట్టిన స్వరాజ్యాన్ని గుర్తుపెట్టుకోలేదు.

ఓడిపోయాక మొదలైన పని

దుర్గాబాయి దేశ్‌ముఖ్ అనగానే 1923 కాకినాడ కాంగ్రెస్ సభలు, టికెట్ లేదని నెహ్రూను గుమ్మంలో ఆపిన పద్నాలుగేళ్ల వలంటీర్ గుర్తొస్తుంది. ఆ సంఘటన ఆమె జీవితానికి ముందుమాట మాత్రమే. అసలు అధ్యాయాలు వేరే ఉన్నాయి.

రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదేళ్లకే పెళ్లయింది. ఊహ తెలిశాక ఆ పెళ్లిని ఆమె ఒప్పుకోలేదు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లినప్పుడు అక్కడ ఆడఖైదీలను చూశారు. తమ మీద మోపిన కేసేమిటో తెలియదు, తమ తరఫున వాదించేవాళ్లు లేరు. అక్కడే లా చదవాలన్న పట్టుదల కలిగింది. స్కూలు చదువు మధ్యలో ఆగిపోయిన మనిషి బెనారస్ మెట్రిక్ కట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేసి, మద్రాసులో లాయరయ్యారు. తనలాగే చదువు ఆగిపోయిన ఆడపిల్లల్ని కూర్చోబెట్టి మెట్రిక్‌కు చదివించడం మొదలుపెట్టారు. 1937లో పుట్టిన ఆంధ్ర మహిళా సభకు అదే పునాది. ఇవాళ ఆ సభ కింద హైదరాబాద్‌లో, చెన్నైలో ఆసుపత్రులు, కాలేజీలు, శిక్షణ కేంద్రాలు నడుస్తున్నాయి.

రాజ్యాంగ సభలో కూర్చున్న కొద్దిమంది మహిళల్లో ఆమె ఒకరు. మిగతావాళ్లు మాట్లాడేది విని తలూపడానికి వెళ్లలేదు. అధ్యక్షస్థానంలో కూర్చోగల ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆమె. వందల సవరణలు ప్రతిపాదించారు. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 ఏళ్లని ముసాయిదాలో ఉంటే, 30 చాలని వాదించి సవరణ తెచ్చారు. ఇవాళ్టికీ రాజ్యాంగంలో ఉన్నది ఆ 30 ఏళ్లే.

ఇంత చేసిన మనిషి 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఓడిపోయారు. నా దృష్టిలో ఆమె జీవితంలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఆ ఓటమి తర్వాతిది. ఓడినవాళ్లు వెనక్కి తగ్గడమో, మరో సీటు కోసం తిరగడమో మనకు అలవాటైన దృశ్యం. ఆమె ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి తొలి చైర్‌పర్సన్ అయ్యారు. మధ్యలో చదువు మానేసిన పెద్దవయసు ఆడవాళ్లు రెండు మూడేళ్లలో మెట్రిక్ దాకా వచ్చేలా కుదించిన కోర్సులు 1958లో ఆ బోర్డు మొదలుపెట్టింది. వాటివల్ల ఎంతోమంది భర్తను కోల్పోయిన, భర్త వదిలేసిన ఆడవాళ్లు టీచర్లు, నర్సులు, గ్రామసేవికలు అయ్యారు. మద్రాసులో తన ఇంట్లో నలుగురు పిల్లలతో మొదలుపెట్టిన పనినే ఆమె దేశమంతటికీ పథకంగా మలిచారు.

అదే కాలంలో చైనా పర్యటనలో కుటుంబ న్యాయస్థానాలు చూసి వచ్చి, మనకూ అలాంటివి కావాలని నెహ్రూతో, న్యాయమూర్తులతో చర్చించారు. మామూలు కోర్టు గదిలో, క్రిమినల్ కేసుల పక్కన, నల్లకోట్ల మధ్య నిలబడి ఒక ఆడమనిషి తన మనోవర్తి అడుక్కోవాల్సిన పరిస్థితి పోవాలన్నది ఆమె ఆలోచన. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. ఆమె 1981లోనే కన్నుమూశారు. ఢిల్లీ మెట్రోలో ఇవాళ ఆమె పేరున ఒక స్టేషన్ ఉంది. గొప్ప విషయమే. ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కే తెలుగు ఆడపిల్లకు మాత్రం ఆ కోర్టు తన రాష్ట్రపు స్త్రీ ఆలోచన అని చెప్పేవాళ్లు లేరు.

పదవి లేకుండా ప్రభుత్వాన్ని కదిలించినవాళ్లు

ప్రజాసేవ అంటే పదవిలో ఉండి చేసేదే అయితే దూబగుంట ఈ కథనంలోకి రాకూడదు. కానీ ఆంధ్రప్రదేశ్ రాజకీయాలను దూబగుంట ఆడవాళ్లంతగా మార్చిన మంత్రులు ఎంతమంది?

నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో ఉంది దూబగుంట. 1991లో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రి బడుల్లో ఆడవాళ్లు పలకా బలపం పట్టారు. వాచకంలో తాగుబోతు భర్తతో పడే బాధల కథ చదివారు. అది తమ కథే అయింది. పగలంతా మగవాడు పడ్డ కష్టం, తాము పడ్డ కష్టం సాయంత్రానికి సారా ప్యాకెట్లలో కరిగిపోతోంది. ఊళ్లో మంచినీళ్లకు దిక్కులేకపోయినా సారా మాత్రం వేళకొచ్చేది. వర్ధినేని రోశమ్మతో పాటు ఊళ్లోని ఆడవాళ్లు కూడబలుక్కుని సారా బండిని ఊళ్లోకి రానివ్వలేదు, కొట్టు మూయించారు. ఆ విజయం తర్వాతి వాచకంలో 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమైంది. పాఠం చదివిన ఊరల్లా మరో దూబగుంట అయింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా కొట్ల ముందు కూర్చున్నారు. జిల్లా కేంద్రానికి వెళ్లి సారా వేలం పాటలను అడ్డుకున్నారు. వేలం వాయిదా పడింది. మళ్లీ పెట్టారు. మళ్లీ వాయిదా పడింది.

ఖజానాకు సారా మీద వచ్చే ఆదాయం చిన్నది కాదు. దాన్ని వదులుకోవడానికి ఏ ప్రభుత్వమూ సిద్ధంగా లేదు. అయినా 1993లో ముందు నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం పెద్ద హామీ అయింది. ప్రమాణ స్వీకారం చేసిన వేదిక మీదే ఎన్.టి. రామారావు ఆ ఫైలు మీద సంతకం పెట్టారు. 1997లో మద్యనిషేధాన్ని సడలించారు, ఆదాయం లేదన్న కారణం మళ్లీ గెలిచింది. కానీ సారా దుకాణాలు తిరిగి రాలేదు. రోశమ్మ 2016లో కన్నుమూశారు.

సారా ఉద్యమంలోంచే నెల్లూరులో రోజుకో రూపాయి పక్కన పెట్టే పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. తర్వాత అవి రాష్ట్రమంతా పాకి డ్వాక్రా సంఘాలతో కలిసి ఒక కొత్త రకం నాయకురాలిని తయారు చేశాయి: మీటింగు పెట్టడం తెలిసిన మనిషి, తీర్మానం రాయించడం తెలిసిన మనిషి, బ్యాంకు మేనేజరు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చోవడం తెలిసిన మనిషి. పంచాయతీల్లో మహిళలకు సీట్లు వచ్చే వేళకు ఆ సీట్లలో కూర్చోగలవాళ్లు ఊళ్లలో తయారై ఉన్నారు. రిజర్వేషన్ విజయవంతమైన చోటల్లా దాని వెనక ఈ సంఘాల పాత్ర ఎంతో ఉందని నా నమ్మకం.

కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కల్వ గ్రామ సర్పంచ్ ఫాతిమా బీ దీనికి మంచి ఉదాహరణ. 1995 పంచాయతీ ఎన్నికల్లో మహిళా రిజర్వేషన్ వల్ల గెలిచారు. మొదట్లో చాలా ఊళ్లలాగే ఇక్కడా సర్పంచ్ పని ఇంట్లో మగవాళ్లే చూస్తారనుకున్నారు. పొదుపు సంఘం సమావేశాలకు వెళ్లడం మొదలయ్యాక ఆమె నోరు విప్పారు. నీటి పనులు, భూమి పనులు, బడి, అప్పులు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకున్నారు. 1998లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ పేదరికంపై పోరాటానికి ఇచ్చే పురస్కారం ఆమెకు ప్రకటించింది. ఓర్వకల్లు నుంచి ఒక పేద ముస్లిం మహిళ అక్కడిదాకా వెళ్లడం చూసిన మండలంలో తర్వాతి ఎన్నికల్లో ఆడవాళ్లు నిలబడటానికి ఎవరి అనుమతీ అడగాల్సిన పని లేకపోయింది.

సర్పంచ్ భర్త

ఈ కథలో చేదు కూడా ఉంది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి స్థానిక సంస్థల్లో మూడో వంతు సీట్లు మహిళలకు ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో దాన్ని సగానికి పెంచింది, 2013 ఎన్నికల్లో అమలైంది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఇవాళ సుమారు 26 వేల గ్రామ పంచాయతీలున్నాయి. సగం అంటే పన్నెండు వేలకు పైగా మహిళా సర్పంచులు. ఇంతమంది మహిళలు ప్రజల ఓటుతో అధికారంలో ఉండటం మన చరిత్రలో ఎప్పుడూ లేదు. అదే సమయంలో ఊళ్లలో 'సర్పంచ్ సాబ్' అని పిలిస్తే పలికేది చాలా చోట్ల ఆమె భర్త. మండల సమావేశానికి ఆయనొస్తాడు. చెక్కు మీద సంతకం ఇంటికి వెళ్లి పెట్టించుకొస్తారు. శిలాఫలకం మీద ఆమె పేరు, ఫొటోలో ఆయన.

దీనికి నింద ఆమె మీద వేయడం అన్యాయం. సమావేశాన్ని మగవాళ్లకు తీరిక ఉండే వేళకు పెట్టేది ఎవరు? భర్త వచ్చి కూర్చుంటే లేవండి అనకుండా ఊరుకునే అధికారి ఎవరు? రిజర్వేషన్ ఐదేళ్లకోసారి మారిపోతుంది. పని నేర్చుకునేసరికి సీటు జనరల్ అయిపోతుంది. మళ్లీ పోటీ చేయాలంటే పార్టీ ఆమె భర్తనో బావనో నిలబెడుతుంది. ఇద్దరు పిల్లల నిబంధన కూడా చాలాకాలం ఆడవాళ్లనే ఎక్కువగా దెబ్బతీసింది. ఎంతమంది పిల్లల్ని కనాలో నిర్ణయించే స్వేచ్ఛ లేని ఇంట్లోంచి వచ్చిన మనిషికి, ఆ పిల్లల లెక్క చూపించి పోటీ చేసే హక్కు తీసేశారు. ఆంధ్రప్రదేశ్ 2024లో ఆ నిబంధన ఎత్తేసింది.

పంచాయతీ ఆఫీసు దాటి చూస్తే అదే ఊళ్లో ప్రభుత్వం అంటే చాలామటుకు ఆడమనిషే. అంగన్‌వాడీ టీచర్, ఆయా, ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, పొదుపు సంఘాల లెక్కలు చూసే వీవోఏ. కరోనా రోజుల్లో తలుపు తట్టి జ్వరం ఎవరికుందని అడిగింది ఆశానే. వీళ్ల పేర్లు ఏ తొలి మహిళల జాబితాలోనూ రావు. వీళ్లలో చాలామందికి జీతం కాదు, గౌరవ వేతనం. గౌరవించాల్సిన వాళ్ల గురించి మాట్లాడుతూ వీళ్ల వేతనం సంగతి దాటేయడం న్యాయం కాదు.

పెద్ద కుర్చీలు, పొడుగాటి విరామాలు

పశ్చిమ గోదావరి జిల్లా చేబ్రోలులో పుట్టిన వి.ఎస్. రమాదేవి 1990 నవంబర్ 26న దేశానికి ప్రధాన ఎన్నికల కమిషనర్ అయ్యారు. తొలి మహిళ. పదహారు రోజులు ఆ కుర్చీలో ఉన్నారు, తర్వాత టి.ఎన్. శేషన్ వచ్చారు. రమాదేవి ఆ తర్వాత రాజ్యసభ సెక్రటరీ జనరల్ అయ్యారు, హిమాచల్ ప్రదేశ్‌కు, కర్ణాటకకు గవర్నరయ్యారు. ఆమె సమర్థత గురించి ఎవరికీ సందేహం లేదు. కానీ ఆ పదహారు రోజుల తర్వాత మూడు దశాబ్దాలు దాటినా మరో మహిళ ప్రధాన ఎన్నికల కమిషనర్ కాలేదు.

మన శాసనసభ సంగతీ అలాగే ఉంది. 1983లో శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల నుంచి గెలిచిన కావలి ప్రతిభా భారతి, మంత్రిగా పనిచేశాక, 1999లో స్పీకర్ అయ్యారు. సభలో అరుపులు, కాగితాలు చించడం, పోడియం చుట్టుముట్టడం అన్నిటి మధ్యా ఐదేళ్లు ఆ సభను నడిపారు. 2004 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో గానీ, విడిపోయాక రెండు రాష్ట్రాల్లో గానీ మహిళా స్పీకర్ రాలేదు. తెలంగాణ తొలి శాసనసభకు పద్మా దేవేందర్‌రెడ్డి డిప్యూటీ స్పీకర్‌గా పనిచేశారు. అదే కాలంలో తెలంగాణ మంత్రివర్గంలో ఒక్క మహిళ లేదు. 2014 జూన్‌లో రాష్ట్రం ఏర్పడితే, 2019 సెప్టెంబర్‌లో సబితా ఇంద్రారెడ్డి, సత్యవతి రాథోడ్ ప్రమాణం చేసేదాకా ఐదేళ్లకు పైగా మహిళా శిశు సంక్షేమం గురించిన నిర్ణయాలు కూడా మగ మంత్రులే తీసుకున్నారు.

అధికారుల వైపు కొంత వెలుగు కనిపిస్తోంది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు తొలి మహిళా ప్రధాన కార్యదర్శిగా నీలం సాహ్ని 2019లో వచ్చారు, ఆ తర్వాత రాష్ట్ర ఎన్నికల కమిషనర్ అయ్యారు. తెలంగాణకు 2023లో శాంతికుమారి వచ్చారు.

ఒక శాఖ మాత్రం మనకు వేరే కథ చెబుతుంది. 2009లో సబితా ఇంద్రారెడ్డి ఉమ్మడి రాష్ట్ర హోంమంత్రి అయ్యారు. అప్పుడు పోలీసు శాఖ ఆడమనిషి చేతికా అని ఆశ్చర్యపోయినవాళ్లున్నారు. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆ శాఖ మేకతోటి సుచరిత, తానేటి వనిత, వంగలపూడి అనిత చేతుల్లోకి వరసగా వచ్చింది. ముగ్గురూ దళిత మహిళలు. అనిత అంతకు ముందు ప్రభుత్వ బడిలో టీచర్. రెండు వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు ఈ వరస కొనసాగించాయి. ఇక ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో మహిళా హోంమంత్రి అంటే ఎవరూ తల తిప్పి చూడరు. ఆ శాఖలో అసలు నిర్ణయాలు ఎక్కడ జరుగుతాయన్న ప్రశ్న మగ హోంమంత్రుల విషయంలోనూ అడగవలసిందే. మొదటామె తర్వాత రెండో ఆమె, మూడో ఆమె, నాలుగో ఆమె వచ్చాక ప్రశ్న ఆమె ఆడదా అన్న దగ్గరి నుంచి ఆమె ఎలా పనిచేసిందన్న దగ్గరికి మారుతుంది. సమానత్వం అంటే నాకు అర్థమైనంతవరకు అదే.

తన భర్త ఇంద్రారెడ్డి రోడ్డు ప్రమాదంలో పోయాక, 2000లో చేవెళ్ల ఉప ఎన్నికతో సబిత రాజకీయాల్లోకి వచ్చారు. ఇలా కుటుంబం తలుపు తెరిస్తే వచ్చినవాళ్లు మన మహిళా నేతల్లో చాలామంది. దాన్ని దాచాల్సిన పని లేదు, ఎత్తిపొడవాల్సిన పనీ లేదు. కొడుకులకూ అదే తలుపు తెరుస్తున్నారు కదా. పరీక్ష వచ్చాక జరిగేది: పాతికేళ్లుగా ఆమె మళ్లీ మళ్లీ గెలుస్తూ ఉన్నారంటే అది భర్త పేరు ఒక్కటే చేసే పని కాదు.

కుటుంబం లేకుండా వచ్చిన దారి ములుగు సీతక్కది. కోయ కుటుంబంలో పుట్టి, యవ్వనంలో నక్సల్ దళంలో పనిచేసి, బయటికొచ్చి లా చదివి, 2009లో గెలిచారు. ఓడారు. 2018లో, 2023లో మళ్లీ గెలిచారు. కరోనా లాక్‌డౌన్‌లో బియ్యం, కూరగాయలు నెత్తిన పెట్టుకుని వాగులు దాటి గూడేలకు నడిచిన ఎమ్మెల్యేగా దేశం ఆమెను చూసింది. ఆ పరుగుల మధ్యే గొత్తికోయల మీద పరిశోధన చేసి 2022లో ఉస్మానియా నుంచి డాక్టరేట్ తీసుకున్నారు. ఇప్పుడు పంచాయతీరాజ్ మంత్రి. తెలంగాణలోని వేలమంది మహిళా సర్పంచులకు చెక్‌పవర్ తమ చేతిలో ఉంచుకునే ధైర్యం, శిక్షణ ఇవ్వగల శాఖ ఆమె దగ్గరుంది. ఆమె నుంచి నేను ఆశించేది అదే.

గౌరవం అంటే ఏమిటి?

2023 సెప్టెంబర్‌లో పార్లమెంటు 106వ రాజ్యాంగ సవరణను ఆమోదించింది. లోక్‌సభలో, శాసనసభల్లో మూడో వంతు సీట్లు మహిళలకు. 1996లో మొదటి బిల్లు వచ్చాక ఇరవై ఏడేళ్లు పట్టింది. లోక్‌సభలో 454 మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు హైదరాబాద్ ఎంపీ. బీసీ, ముస్లిం మహిళలకు అందులో వాటా లేదన్నది ఆయన అభ్యంతరం. మాసూమా బేగం తర్వాతి కాలాన్ని చూసిన ఈ నగరంలో ఆ ప్రశ్న కొట్టిపారేయాల్సింది కాదు. అయితే అదే ప్రశ్న ఆయన పార్టీ టికెట్ల పంపకాన్నీ అడగాలి. చట్టమైతే వచ్చింది గానీ, దాని అమలును జనగణనకు, ఆపైన నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు.

పార్టీలు తలచుకుంటే చట్టం కోసం ఆగాల్సిన పని లేదు. 2023లో తెలంగాణ శాసనసభకు గెలిచిన మహిళలు 119 మందిలో పదిమంది. ఆ పదిమందిలో పాలకుర్తి నుంచి గెలిచిన యశస్వినీరెడ్డికి అప్పుడు ఇరవై ఆరేళ్లు. ఎదుట నిలబడింది మంత్రిగా ఉన్న ఎర్రబెల్లి దయాకర్‌రావు. తన పొలంలోని పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన చాకలి ఐలమ్మ ఊరు ఆ పాలకుర్తే. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి తెలంగాణ ప్రభుత్వం 2024లో ఐలమ్మ పేరు పెట్టింది. మంచి పని. అయితే పేరు పెట్టడం సులువు, సీటు ఇవ్వడం కష్టం. ఆడమనిషి గెలవదన్న పాత మాటకు 1962 నుంచి 1978 దాకా ఎల్లారెడ్డి ఓటర్లు, 1952లో ఆలేరు ఓటర్లు, 2023లో పాలకుర్తి ఓటర్లు జవాబు చెప్పేశారు. జవాబు చెప్పాల్సినవాళ్లు టికెట్లు పంచేవాళ్లు.

చేయగల పనులు చిన్నవి చాలా ఉన్నాయి. శాసనసభ చర్చల పాత సంపుటాల్లో ఈశ్వరీబాయి, కమలాదేవి, స్వరాజ్యం మాట్లాడిన ప్రతి మాటా అచ్చై ఉంది. వాటిని విడిగా సంకలనాలుగా తెస్తే ఏ వక్తృత్వ పోటీకైనా అంతకన్నా మంచి పాఠం ఉండదు. తెలుగు వాచకంలో దుర్గాబాయి పాఠం నెహ్రూ టికెట్ దగ్గర ముగియకుండా ఫ్యామిలీ కోర్టు దాకా సాగాలి. మండల సమావేశంలో సర్పంచ్ బోర్డు ఉన్న కుర్చీలో సర్పంచే కూర్చోవాలి, ఆమె రాకపోతే ఆ కుర్చీ ఖాళీగా ఉండాలి.

తెలంగాణలో 2028లో, ఆంధ్రప్రదేశ్‌లో 2029లో శాసనసభ ఎన్నికలు రావాలి. బీ-ఫారాలు పంచిన రోజు అన్ని పార్టీల జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని ఆడవాళ్ల పేర్లు లెక్కపెట్టండి. తర్వాత ఒక్కో పేరు ఎదుట ఆ సీటు గత రెండు ఎన్నికల్లో ఎవరు గెలిచారో, ఎంత తేడాతో గెలిచారో రాసుకోండి. ఓడిపోయే సీటు ఇచ్చారో, గెలిచే సీటు ఇచ్చారో ఆ కాగితమే చెబుతుంది. ఆ కాగితం పట్టుకుని మీ ఊరికి ప్రచారానికొచ్చిన నాయకుణ్ని నలుగురిలో అడగండి.